జొన్నరొట్టె మీద ఇంగ్లండు చీజు

అక్క కూతురు ఇంట్లోకి వచ్చి చెప్పులు విడవకముందే అడిగిన మొదటి మాట, "చిన్నమ్మా, ఫ్రిజ్‌లో చోటుందా?"

ఆ పిల్ల పాల టెక్నాలజీ చదివింది. చదువయ్యాక ఇంగ్లండులో పడమటి వైపు ఒక చిన్న పల్లెకు పోయి, ఆవులు పెట్టుకుని చేత్తో చీజు చేసే ఒకావిడ దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకుంది. పోయిన నవంబరులో తిరిగొచ్చింది. రైల్లో నంద్యాలలో దిగి, సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డలో ఉన్న వాళ్ల ఇంటికి పోయేలోపు మా ఇంట్లో ఆగింది.

నేను ఇడ్లీపిండి గిన్నె తీసి బయట పెట్టాను. తను పెట్టె తెరిచి, స్వెటర్ల మధ్య నుంచి ఒక సంచి, ఆ సంచిలోంచి పలచని చెక్కతో చేసిన గుండ్రటి డబ్బాలు మూడు బయటికి తీసింది. ఒక్కోటి అరచేయంత ఉంది. ఒకదాని మూత తీసి మైనపు కాగితం విప్పింది. లోపల తెల్లగా, అప్పుడే పగిలిన పత్తికాయ మీద ఉన్నట్టు సన్నటి నూగుతో ఒక బిళ్ల.

"ఇవి నేనే చేసినా చిన్నమ్మా. పాలు పోసిన కాడి నుంచి కాగితం చుట్టేదాకా. మా మేడమ్ చెయ్యి కూడా పెట్టలేదు."

నేను ఇంగ్లీషు టీచరుని. ఎన్నో ఏళ్లు పిల్లలకు పాఠంలో చీజు అనే మాట వచ్చినప్పుడల్లా "పాలతో చేసే ఒక గడ్డ" అని చెప్పి ముందుకు పోయినదాన్ని. తర్వాత పిజ్జా మీద సాగేదీ, రేకు కాగితంలో వచ్చే ఉప్పటి ముక్కలూ తిన్నాను. ఇది ఆ జాతిది కాదని చూడగానే తెలిసింది. వేలితో నొక్కాలనిపించింది. నొక్కాను. చిన్నపిల్లల బుగ్గలా లోపలికి పోయి మళ్లీ మెల్లగా పైకి వచ్చింది.

ఆదివారం ఆళ్లగడ్డలో వాళ్లింట్లో కృతజ్ఞతా కూడిక. మా బావకు డెంగీ జ్వరం వచ్చి, ఆసుపత్రిలో పడి, గండం గడిచి ఇల్లు చేరాడు. దేవునికి కృతజ్ఞత చెప్పుకుని సంఘం వాళ్లకు భోజనం పెట్టాలని అక్క అనుకుంది. కూతురు ఆ భోజనంలోనే తన చీజు పెట్టాలనుకుంది.

"మా ఇంట్లో ఫ్రిజ్ నిండా అమ్మ పాలగిన్నెలు. ఆదివారం దాకా నీకాడ ఉండనీ. ఒకటి నీకు, రెండు మా ఇంటికి తీసుకురా. తినేముందు బయట పెట్టల్ల చిన్నమ్మా. చల్లగా తింటే ఏం తెలీదు."

విన్నాను. తల కూడా ఊపాను. కానీ తను బస్సెక్కిన గంటకే నా చీజు తీసి, ఉల్లిపాయలు కోసే కత్తి కడుక్కుని, ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాను. రబ్బరు నమిలినట్టుంది. ఉప్పు తగిలింది, అంతే. మా ఆయనకు ఇంకో ముక్క ఇస్తే ఆయన మర్యాదగా మింగి, "పాప ఎంతో కష్టపడి చేసింటాది," అన్నాడు. ఆ మాట వింటే నాకు బాధేసింది. పిల్ల అంత దూరం పోయి నేర్చుకున్నది ఇదా అనుకున్నాను. పళ్లెం మూతపెట్టకుండా బల్ల మీదే వదిలేసి, చర్చిలో పాటల ప్రాక్టీసుకు పోయాను.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి ఇంట్లో ఒక వాసన. మొదటి వాన పడ్డాక పుట్టగొడుగులు మొలిచిన చోట వచ్చే వాసన, దాని వెనక కాగిన పాల వాసన. పళ్లెంలో ఉన్నది నేను వదిలిపెట్టి పోయిన వస్తువు కాదు. కోసిన వైపు తెల్లతోలు కిందనుంచి లేత పసుపు మీగడ పొంగి బయటికి జారింది. నడుమ మాత్రం సున్నపు గడ్డలా ఇంకా తెల్లగా నిలబడి ఉంది. నేను కత్తి వెతుక్కోలేదు. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను.

ముందు మీగడ తెలిసింది. తర్వాత ఉప్పు. ఆ తర్వాత పచ్చి వేరుశనక్కాయ నమిలినప్పటి తీపి. అన్నీ అయిపోయాయనుకున్నాక, గొంతు దగ్గర ఒక చిన్న ఘాటు. తోలు విడిగా తింటే కొంచెం చేదు, మీగడతో కలిపి తింటే ఆ చేదే బాగుంది. నిలబడే తింటున్నాను. మా ఆయన చేయి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చి, ఆయన వద్దంటున్నా వేలితోనే నోట్లో పెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపయ్యాక, "ఇందాకటిదేనా ఇది?" అని అడిగాడు.

వెంటనే పాపకు ఫోన్ చేశాను.

"చల్లగా తిన్నావు కదా చిన్నమ్మా?" అంది ముందే.

"తిన్నా. ఇప్పుడు మళ్లీ తిన్నా. నువ్వు ఇంత పనిమంతురాలివని నాకు తెలీదు."

"ఆదివారం నాయన తింటాడా అని చూస్తాండా," అంది. ఆ చీజు అసలు ఎవరి కోసం తెచ్చిందో అప్పుడు తెలిసింది నాకు. జ్వరం తగ్గినా బావ నోటికి రుచి తిరిగి రాలేదు. ఏం పెట్టినా మట్టి తిన్నట్టుంది అని పళ్లెం పక్కకు నెట్టేస్తున్నాడు. అక్క రోజూ ఫోన్‌లో అదే చెప్పి బాధపడుతోంది.

ఆదివారం పొద్దున్నే మిగతా రెండు డబ్బాలనూ స్టీలు క్యారియర్‌లో పెట్టి, తడిగుడ్డ చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. చలికాలమైనా ఇంజను వేడికి బస్సు వెచ్చగానే ఉంది. శిరివెళ్ల దాటేలోపే వాసన మొదలైంది. పక్కన కూర్చున్న ఆమె కొంగు ముక్కుకు పెట్టుకుని సీటు కిందికి చూసింది, తర్వాత నా ఒడి వైపు చూసింది.

"ఏందమ్మా అది, మందా?"

"తినేదేనమ్మా. ఇంగ్లండులో చేసింది."

"చెడిపోయినట్టుందే."

"అట్లే ఉంటాది. తింటే బాగుంటాది."

ఆమె కిటికీ తెరిచింది. కానీ దిగేముందు, "మీ ఇంట్లో అందరూ తింటారా దాన్ని?" అని అడిగింది. ఆ పూట భోజనానికి దాచింది కాకపోతే అక్కడే డబ్బా తెరిచి ఆమెకూ ఒక ముక్క పెట్టేదాన్నే.

ఆళ్లగడ్డలో అక్క తెల్లారుజాము నుంచి పొయ్యి దగ్గరే ఉంది. ఆ పూట వంట కోసం ఆరాధనకు రావడం మానుకుంది. నేను డబ్బాల మూతలు తీసి హాల్లో బల్ల మీద పెట్టి, పైన గుడ్డ కప్పి, "అక్కా, వీటిని ముట్టుకోవద్దు, మేమొచ్చేలోపు మెత్తబడాలి," అని చెప్పి పాపతో, బావతో చర్చికి పోయాను. ఆరాధన జరుగుతున్నంతసేపూ నా మనసు ఆ బల్ల మీదే ఉంది. పాప కూడా మధ్యమధ్యలో గోడ గడియారం వైపు చూడటం గమనించాను.

మేము తిరిగొచ్చేసరికి అక్క పెరట్లో గిన్నెలు కడిగే చోట కూర్చుని, ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో చీజు పట్టుకుని ఉంది. చిలగడదుంప చెక్కినట్టు తెల్లతోలంతా గీకేసింది. రెండోది ఇంకా ముట్టుకోలేదు.

"చూడు మే, ఎట్ల బూజు పట్టిందో," అంది నాతో. "నువ్వు నాలుగు దినాలు పెట్టుకుంటివి, చూసుకోవద్దా? వచ్చినోళ్లకు ఇదా పెట్టేది?"

పాప గడపలోనే నిలబడిపోయింది.

"అమ్మా, ఆ బూజు నేను పెంచిందే."

"బూజును పెంచుతారా యాడన్నా?"

"పెంచుతారు. నువ్వు పెరుగుకు తోడు ఎయ్యవా? అట్లనే. చల్లటి రూములో పెట్టి, దినామూ తిరగేసి తిరగేసి పెంచినా. దాని తోలే అది. ఆ తోలు వల్లే లోపల మెత్తబడతాది."

అక్క తన చేతిలో ఉన్నదాన్ని చూసింది, కింద పడ్డ తెల్లటి పొట్టును చూసింది. కత్తి పక్కన పెట్టేసింది. "నాకెవరు చెప్పినారు," అంది, గొంతు తగ్గించి. నా వల్లే జరిగింది. ముట్టుకోవద్దన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. బయట వాకిట్లో అప్పటికే సంఘం వాళ్లు వస్తున్న చప్పుడు.

పాప ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వాళ్లమ్మ చేతిలోంచి చీజు తీసుకుని ఒక వెడల్పాటి పళ్లెంలో పెట్టింది. తోలు లేకపోవడంతో అది మా కళ్ల ముందే నెమ్మదిగా కూర్చుండిపోయి, పక్కలకు పారి, పళ్లెం సగం నిండింది.

"ఇంకా మంచిదాయ," అంది పాప. "దీన్ని వెన్న మాదిరి పూసి పెడతాం. రెండోది కోసి పెడతాం. చిన్నమ్మా, రొట్టెలు యాడున్నాయి?"

అప్పటినుంచి మా ఇద్దరి చేతులకూ తీరిక లేదు. అక్క చేసిన జొన్నరొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి. పాప వాటిని మూలలు వచ్చేట్టు ముక్కలు కోసింది. "వేడి రొట్టె మీద పెడితే కరిగి నూనె అయిపోతాది, కొంచెం ఆరనీ," అంది. ఒక గిన్నెలో నల్లమల తేనె పోశాను. నల్లమల గూడెం నుంచి వచ్చే చెంచు ఆమె ఏటా అక్కకు తెచ్చిస్తుంది. ఇంకో గిన్నెలో వేయించిన వేరుశనక్కాయలు, పక్కన ఉప్పు చల్లి నూనెలో వేయించిన పచ్చిమిరపకాయలు, చివరి కాపు సీతాఫలాలు రెండు. తోలుతో ఉన్న చీజును పాప పళ్లెం నడుమ పెట్టి, అందరూ కూర్చున్నాకే కోసింది. కత్తి దిగగానే లోపలి మీగడ మెల్లగా బయటికి వంగింది. ముందు వరసలో కూర్చున్నవాళ్లు మెడలు చాచారు.

ప్రార్థన అయ్యింది. పాస్టరుగారు మొదట తీసుకున్నారు. తేనెలో ముంచిన ముక్క నమిలి, వెంటనే ఇంకోటి తీసుకున్నారు. అది చూసి మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది. నాతోపాటు ఒకప్పుడు పనిచేసిన టీచరమ్మ, "సబ్బు తిన్నట్టుందమ్మా," అని నిజం చెప్పేసి పప్పన్నానికి పోయింది. ఒకాయన రొట్టె వదిలేసి చీజు మాత్రం తిన్నాడు. పిల్లలు సీతాఫలం గుజ్జుతో కలిపి తిన్నారు. నేను పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి పోతూ, ఒక్కొక్కరి ముఖం చూస్తూ, తోలుతో తినమనీ తోలు వద్దంటే పూసింది తినమనీ చెబుతూనే ఉన్నాను. పాఠం చెప్పిన ఏ రోజూ నాకు అంత సంతోషంగా లేదు.

బావ గోడవార కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జ్వరం తర్వాత చొక్కా ఆయన మీద వదులుగా వేలాడుతోంది. పాప ఒక రొట్టెముక్క మీద చీజు పూసి ఆయన చేతికిచ్చింది.

"నాయనా, ఒక్క కొరుకు."

"నాకేం తెలుస్తాది పాపా, మట్టీ ఒకటే, ఇదీ ఒకటే," అన్నాడు ఆయన. అన్నా, కూతురు నిలబడి ఉందని కొరికాడు. నమిలాడు. ఆగాడు. పళ్లెం వైపు చేయి చాచి, వేయించిన మిరపకాయ ఒకటి తీసుకుని, దాన్ని చీజు మీద పెట్టి మళ్లీ కొరికాడు.

"కారం తెలుస్తాంది," అన్నాడు. ఇంకాస్త నమిలి, "పుల్లగా గూడా ఉంది కదా, కొంచెం?"

"ఉంటాది నాయనా, కొంచెం ఉంటాది."

"ఇంకోటి ఇయ్యి."

అక్క వంటింటి వాకిలి దగ్గర సాంబారు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. బావ రెండోది తిని మూడోది అడిగాక, గరిటె పక్కనున్న ఆమెకిచ్చి మా దగ్గరికి వచ్చింది. పళ్లెంలోంచి తోలుతో ఉన్న ముక్కే ఎంచుకుని తీసుకుంది. అందరూ తననే చూస్తున్నారని తెలిసినా తొందరపడకుండా నమిలింది.

"మన మీగడే ఇది," అంది కూతురితో. "నీ మాదిరి ఊరు తిరిగొచ్చింది."

పాప అప్పుడు ఏడ్చింది. కొంచెమే.

భోజనాలయ్యాక పాప ఇంగ్లండులో ఉన్న తన మేడమ్‌కు వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడే పొద్దెక్కుతోంది. తెల్లజుట్టుతో, రబ్బరు బూట్లు వేసుకుని ఉన్న ఒక పెద్దావిడ కొట్టంలోంచి బయటికి వచ్చి నవ్వింది. పాప ఇంగ్లీషులో అంతా చెప్పింది. తోలు గీకిన సంగతి దగ్గర ఆవిడ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అక్క ఫోన్ తన వైపు తిప్పుకుంది.

"తప్పయింది అని చెప్పు. ఆ యమ్మకు ఎన్ని ఆవులో అడుగు. పేడ యాడ ఎత్తిపోస్తారో అడుగు."

పాప అడిగింది. ఆవిడ ఫోన్ పట్టుకునే నడిచి పోయి తన ఆవులను, పేడకుప్పను చూపించింది. అక్క ఊరుకుంటుందా. తనూ ఫోన్ పట్టుకుని పెరట్లోకి పోయి, తను రోజూ పాలు పితికే ఎనుములను ఒక్కొక్కటిగా చూపించింది. ఒక ఎనుము ఫోన్‌ను నాకబోయింది. దేంతో తిన్నారని ఆవిడ అడిగితే, మా అక్క వేయించిన మిరపకాయ ఒకటి పైకెత్తి చూపించింది. చీజు మీద మిరపకాయ ఎవరూ పెట్టగా చూడలేదనీ, ఇవాళే చేసి చూస్తాననీ ఆవిడ చెప్పింది.

మరుసటి రోజు నంద్యాలలో నేను బడికి బయలుదేరుతుంటే పాప ఒక ఫొటో పంపింది. ఇంగ్లండులో ఒక వంటింటి బల్ల. బల్ల మీద చెక్కపలక, మెత్తటి చీజు, కాల్చిన బ్రెడ్డు, దాని మీద పొడుగ్గా ఒక పచ్చిమిరపకాయ. పక్కన ఆవిడ, కళ్లల్లో నీళ్లు, చేతిలో పాలగ్లాసు. కింద ఒక్క మాట రాసి ఉంది, మళ్లీ తింటాను అని.

అక్కకు చూపిస్తే ఏమందో పాప సాయంత్రం ఫోన్‌లో చెప్పింది. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, ఆ మిరపకాయను చాలాసేపు చూసిందట. "ఇంత లావుంది, దీంట్లో కారం యాడుంటాది? ఈసారి ఎవరన్నా పోయేటప్పుడు మన కాయలు పంపల్ల," అందట.