కేకులావిడ బిగించిన బోల్టులు

వీధిలో అందరూ ఆమెని కేకులావిడ అంటారు. చాటున కోపాలావిడ అని కూడా అంటారు. ఆ రెండో పేరు ఊరికే రాలేదు. ఒళ్ళు హూనం చేసుకుని అంతస్తుల పెళ్ళి కేకు చేసి, హోటలుకి తీసుకెళ్ళి డిక్కీ తెరిచేసరికి అది నడుం విరిగి పడి ఉంటే, కోపం కాక ఇంకేం వస్తుంది?

తప్పు కేకుది కాదు, కారుది. గుంత వస్తే చాలు, ముందు చక్రాల దగ్గర దడదడ. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప ఆర్ముల్లో రబ్బరు బుష్షులు చిరిగిపోయాయి. గ్యారేజీలో మార్పించింది. కొన్నాళ్ళకే మళ్ళీ దడదడ. మళ్ళీ వెళ్ళింది. బండి ఆమెది, నడిపేది ఆమె, అడిగిందీ ఆమే. మెకానిక్ మాత్రం జవాబు పక్కనున్న మొగుడికి చెప్పాడు. మొగుడుగారు లైబ్రరీలో పనిచేస్తారు. కారులో ఆయనకి తెలిసిన భాగం హారన్ ఒక్కటే.

"సార్, మేడమ్ గారు గుంతల్లో కూడా తొక్కేస్తున్నట్టున్నారు," అన్నాడు మెకానిక్.

ఆయన నవ్వాడు.

ఆ నవ్వుకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక తన బండి మీద ఆ గ్యారేజీ వాడి చెయ్యి పడడానికి వీల్లేదని ఇంటికొచ్చి తేల్చి చెప్పింది. బుష్షులతో సహా కొత్త ఆర్ములు కొంది. ఆడపడుచు ఇంటి నుంచి జాకీ, ఎత్తిన బండిని నిలబెట్టే స్టాండ్లు తెచ్చుకుంది. పని ఎలా చెయ్యాలో వీడియోలు చూస్తుంటే అసలు సంగతి బయటపడింది. చక్రాలు గాల్లో ఉండగా ఆర్ములని పట్టి ఉంచే బోల్టులు గట్టిగా బిగించకూడదట. వదులుగా ఉంచి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలట. లేకపోతే బండిని దించగానే రబ్బరు మెలిపడి, పోనుపోనూ చిరిగిపోతుందట.

ఆదివారం పొద్దున్నే కారు కిందికి దూరింది. తుప్పు పట్టిన బోల్టులు ఒక పట్టాన రాలేదు. సుత్తి తీసుకుంది. ఆ దెబ్బల్లో సగం మెకానిక్‌కి, సగం మొగుడికి. మర్నాడు అదే హోటలుకి ఇంకో కేకు ఇవ్వాలి. ఇదీ విరిగితే ఇక వాళ్ళ గుమ్మం తొక్కే పని ఉండదు.

కొత్త ఆర్ములు పెట్టి, బోల్టులు వదులుగా తగిలించి, ఓవెన్ చూసుకోవడానికి లోపలికెళ్ళింది. తిరిగొచ్చేసరికి కారు కింద నుంచి బయటికి మెకానిక్ కాళ్ళు. పక్కన టార్చి పట్టుకుని మొగుడు. భయమేసి ఆయనే ఫోన్ చేసి పిలిపించాడు.

"బోల్టులన్నీ వదులుగా వదిలేశారు సార్. నేను బిగించాను కాబట్టి సరిపోయింది," అన్నాడు మెకానిక్ లేచి చేతులు తుడుచుకుంటూ. బండి ఇంకా స్టాండ్ల మీదే ఉంది.

నోరు తెరిస్తే ఏమంటుందోనని ఆమెకే భయమేసింది. మొగుడు అతన్ని సాగనంపడానికి వెళ్ళి, వీధి చివర టీకొట్టు దగ్గర కబుర్లలో పడ్డాడు. ఆమె మళ్ళీ కిందికి దూరి, అన్ని బోల్టులూ వదులు చేసింది. చక్రాలు తగిలించి, బండిని దళసరి చెక్కల మీదికి దించి, బరువు పడ్డాక పళ్ళు బిగపట్టి ఒక్కొక్కటీ బిగించింది. ఆయన తిరిగొచ్చేసరికి చేతులు కడుక్కుంటోంది.

"ఆ రోజు గ్యారేజీలో ఎందుకు నవ్వారు?"

"ఏ రోజు?"

ఆమె కుళాయి కట్టేసి ఓవెన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు మొగుణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టి, కేకు పెట్టె ఒళ్ళో పెట్టింది. దారి పొడుగునా గుంతలే. చప్పుడు లేదు, కుదుపు లేదు. హోటల్ ముందు మూత తీసి చూస్తే కేకు మీద గీత కూడా పడలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావా, అతను ఎంత బాగా బిగించాడో!"

ఆమె కేకు తీసుకుని లోపలికెళ్ళి అప్పగించి వచ్చింది. ఆయన కారు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె తన సీట్లో కూర్చుని, తలుపులన్నీ లాక్ చేసి, ఆయన్ని అక్కడే వదిలేసి గుంతల దారిలో ఇంటికి వెళ్ళిపోయింది.