పాపతో చెప్పించిన మాట

మా ఇంట్లో కోడలు మావగారితో నేరుగా మాట్లాడదు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. కోపతాపాలు అంతకన్నా కాదు. అలా జరిగిపోతోంది. పెళ్ళయిన కొత్తలో నేను గుమ్మం అవతల నిలబడి అత్తగారికి చెబితే, ఆవిడ మావగారికి చెప్పేవారు. ఆయన అక్కడే కూర్చుని విన్న మాటనే మళ్ళీ వినేవారు. పాప పుట్టాక ఆ పని పాపకు వచ్చింది.

"అమ్మలూ, తాతకి సెప్పు, టీ సల్లారిపోతాదని" అంటాను.

దానికింకా ఏడాదిన్నర నిండలేదు. "తా" అన్న ఒక్క ముక్కే వచ్చు. ఆయన గ్లాసు అందుకుని, "మీ యమ్మకి సెప్పు, పంచదార బొత్తిగా తగ్గించీసినాదని" అంటారు. పాప ఇద్దరి మొహాలూ చూసి నవ్వుతుంది. మా ఇల్లు ఇలాగే నడుస్తోంది. బాగానే నడుస్తోంది.

ఇప్పుడది పడుకుంది. వాళ్ళ నాన్నకు ఈ వారం ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్టు. మధ్యమధ్య లేచి దాని నుదురు తాకి చూస్తూ ఇది రాస్తున్నాను. ఒళ్ళు చల్లగానే ఉంది. అయినా చూస్తాను.

మాది చీపురుపల్లి నుంచి ఆటోలో వెళ్ళేంత దూరంలో ఉన్న ఊరు. అక్కడ నేను వార్డు మెంబర్ని. ఆ మాట రాయడానికి కూడా నాకు కొంచెం మొహమాటమే. అంతకుముందు మెంబరు మా మావగారు. ఈ విడత మా వార్డు ఆడవాళ్ళకు వచ్చింది. అత్తగారిని నిలబడమంటే, "నా మోకాళ్ళే నన్ను నిలబెట్టవు, ఎలచ్చన్లో ఏటి నిలబడతాను" అని నా వైపు చెయ్యి చూపించారు. అప్పటికి నేను ఆ ఇంటికి వచ్చి కొన్ని నెలలే. గెలిచాను. మా వీధి ఆడవాళ్ళు ఓట్లేసింది నాకో, మావగారి కోడలికో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమదాలవలసలో డిగ్రీ చదివేటప్పుడు గ్రామసభ గురించి పరీక్షలో పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. సభలో మావగారు కూడా కూర్చుని ఉంటే కోడలు ఎలా మాట్లాడాలో ఆ పాఠంలో లేదు. అందుకని మీటింగులకు వెళ్ళి వెనక కూర్చునేదాన్ని. మా వార్డు సంగతులు మావగారే లేచి చెప్పేవారు. బాగా చెప్పేవారు కూడా. ఎవరికీ తప్పుగా తోచలేదు. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే ఉండేది.

ఈ ఏడు ఊడుపుల కాలంలో ఆ హాయి పోయింది. మా వీధి కుళాయికి పొద్దున్న తొమ్మిదింటికి నీళ్ళు వదులుతారు. నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు తెల్లారకముందే బయల్దేరతారు. వాళ్ళు వచ్చేసరికి కుళాయి ఎండిపోయి ఉంటుంది. రోజంతా బురదలో వంగిన నడుములతో ఊరి చివర బోరు దాకా వెళ్ళి బిందెలు మోసుకొస్తారు. మా ఇంట్లో అత్తగారు ఉంటారు కాబట్టి మా డ్రమ్ములు ఎప్పుడూ నిండే ఉంటాయి.

ఒక సాయంత్రం ఎదురింటి వదిన ఖాళీ బిందె మా అరుగు మీద పెట్టి కూర్చుంది.

"ఓలమ్మీ, నువ్వు మెంబరువా కావా?"

"అవును వదినా."

"అయితే ఆ నీళ్ళు ఐదింటికి ఇడవమని సెప్పీ. నింపుకుని ఎల్లిపోతాం."

"మావగారి సేత సెప్పిస్తాను."

"తొమ్మిదింటికి ఎట్టించిందే మీ మావ. ఆయన సేత ఏటి సెప్పిస్తావు?"

అది నిజం. ఆ కుళాయి లైను కోసం ఆయన ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. అప్పట్లో మోటారుకు కరెంటు వచ్చేది ఆ వేళకే. తెల్లవారుజామున వదిలితే కట్టేవాళ్ళు లేక నీళ్ళు కాలవ పాలవుతాయని కూడా ఆయన భయం. కరెంటు వేళలు ఎప్పుడో మారాయి, కుళాయి వేళ మారలేదు. అది ఆయన చేసిన పనుల్లోకెల్లా ఆయనకు ఇష్టమైన పని. టీ చల్లారిందని కూడా పాప చేత చెప్పించేదాన్ని, ఊరందరి ముందు ఆయన పెట్టిన వేళ మార్చమని ఎలా అడగను? అడగకపోతే, ఆ బిందె రోజూ మా అరుగు మీద కనిపిస్తూనే ఉంటుంది.

గ్రామసభ రోజు పొద్దుటి నుంచి సర్దుతూనే ఉన్నాను. పాప సంచిలో పాలసీసా, ఫ్లాస్కు, రెండు జతల బట్టలు, ఎందుకైనా మంచిదని జ్వరం మందు, వానేమీ లేకపోయినా గొడుగు పెట్టుకున్నాను. అది చూసి అత్తగారు, "మీటింగు బడి అరుగు మీదే కదమ్మా, కాశీలో కాదు గదా?" అన్నారు.

మా సర్పంచ్ పెద్దావిడ. మాట ఖంగుమంటుంది. వార్డులవారీగా అడుగుతూ మా వార్డుకు వచ్చారు. అలవాటుగా మావగారు కండువా సర్దుకుని లేచారు. సర్పంచ్‌గారు చేత్తో ఆపారు.

"నువ్వు కూకో బావా. నీ కోడలు సెప్తాది. ఆ పిల్ల నోరు ఎలాగుంటాదో నానింతవరకూ సూణ్ణేదు."

అందరూ నవ్వారు. మావగారు కూర్చున్నారు. నేను పాపను చంకనేసుకుని లేచాను. ఎదురింటి వదిన ఆ రోజు కూలి మానుకుని వచ్చింది, నా వైపే చూస్తోంది. రాత్రి పక్క మీద పేర్చుకున్న వాక్యం ఒక్కటీ గుర్తు రాలేదు. మావగారి మొహం కనబడగానే, నోరు దానికి తెలిసిన దారిన అది పోయింది.

"అమ్మలూ, తాతకి సెప్పు. మన ఈదిలో నీళ్ళు ఐదింటికి ఇడిస్తే బాగుంటాదని."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అరుగంతా గొల్లుమంది. నాకు అక్కడే కరిగిపోవాలనిపించింది. కానీ మావగారికి కూడా అదే అలవాటు గదా. ఆయన మామూలుగా పాపను చూస్తూ అన్నారు:

"మీ యమ్మకి సెప్పు, తొమ్మిదన్నది నానూరికే ఎట్టనేదని. సీకట్లో కుళాయి ఎవులు కడతారో అడుగు."

"తాతకి సెప్పు, నింపుకున్నోళ్ళే కడతారని. పనికెల్లేవోళ్ళు ఆ యేళకి లేచే ఉంటారని."

"మరి లేవనోళ్ళ సంగతేటో అడుగు."

"ఇంట్లో ఉన్నోళ్ళకి తొమ్మిదింటికీ కాసేపు ఇడవచ్చని సెప్పు."

పాప తల అటూ ఇటూ తిరుగుతోంది. వెనక నుంచి ఎవరో, "ఈ గుంట ఎవుల పక్క ఓటేస్తాదో సూడండర్రా!" అన్నారు. మళ్ళీ నవ్వులు. ఆ సందడికి పాప బెదిరి మొహం ముడిచింది, "తా" అంటూ ఆయన వైపు చేతులు చాచింది. దానికి గుక్క పడుతుందేమోనని నాకు కంగారు. సంచిలో సీసా కోసం వెతుకుతుంటే మావగారు లేచి వచ్చారు.

"గుంటని ఇటియ్యి" అన్నారు. పాపతో కాదు, నాతో. "దానికేటి తెలుస్తాది నీళ్ళ సంగతి? నువ్వే సెప్పు."

పాపను ఎత్తుకుని, నా చేతిలోని పాలసీసా కూడా అందుకుని వెళ్ళి తన చోట కూర్చున్నారు. నా చంక ఖాళీ అయింది. చెప్పించడానికి ఎవరూ లేరు. చెప్పాను. నాట్లకు వెళ్ళేవాళ్ళు ఎప్పుడు లేస్తారో, సాయంత్రం ఎక్కడి నుంచి మోస్తారో, రెండు విడతలుగా వదిలితే ఎవరికీ తక్కువ కాదని చెప్పాను. మధ్యలో మాట తడబడితే ఎదురింటి వదిన, "అలగే సెప్పు, అలగే" అంది. ముగించి చూసేసరికి పైట కొంగు నా వేలికి చుట్టుకుపోయి ఉంది.

మార్చాలనుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నారు సర్పంచ్‌గారు. ఆడవాళ్ళ వైపు చేతులన్నీ లేచాయి, మగవాళ్ళ వైపు సగానికి పైగా. వద్దనేవాళ్ళు ఎత్తండి అన్నారు. నేను మావగారి వైపు చూడకుండా ఉండలేకపోయాను. ఆయన ఒక చెయ్యి పాప వీపు కింద ఉంది, రెండో చేత్తో పాలసీసా పట్టుకున్నారు. పాప తాగడం ఎప్పుడో అయిపోయింది. సీసా మాత్రం దింపలేదు.

ఇప్పుడు నీళ్ళు ఐదింటికోసారి, తొమ్మిదింటికోసారి వస్తున్నాయి. మొదటి రోజు రావేమోనని నేను తెల్లవార్లూ నిద్రపోలేదు. వీధిలో బిందెల చప్పుడు వినబడ్డాకే కళ్ళు మూతపడ్డాయి.

నిన్న సాయంత్రం ఎదురింటి వదిన మళ్ళీ మా అరుగెక్కింది.

"ఓలమ్మీ, వొచ్చే మీటింగుకి నీ గుంటని నాకోసారి అప్పియ్యవే. ఈదిలైటు గురించి మా మావని రెండు మాటలడగాల."

నేను నవ్వుతుండగానే లోపలి నుంచి మావగారి గొంతు వినిపించింది. పాపకే చెబుతున్నారు.

"మీ యమ్మకి సెప్పు, గుంటని ఎవులికీ అప్పివ్వొద్దని. మీటింగైనంతసేపూ నానెత్తుకుంటాను. మాటాడీవోళ్ళు ఉట్టి సేతుల్తో వొచ్చి మాటాడమను."