గాలి లీకులు పట్టినవాడు

పదేళ్లు దాటింది, ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తెలంగాణ ఇంకా రాలేదు. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. తెనాలి వైపు నుంచి వచ్చి బోడుప్పల్‌లో అద్దెకుండేవాణ్ణి. మా మెషీన్లు గాలి ఒత్తిడితో నడిచేవి. ఆ గాలి నింపడానికి రెండు కంప్రెసర్లు, కరెంటు సగం వాటికే పోయేది. వాటిని చూసే ఇద్దరు ఆపరేటర్లలో పెద్దవాడు యాదగిరి. అన్నోజిగూడ నుంచి వచ్చేవాడు.

కరెంటు కోతల కాలం అది. వారానికో రోజు పవర్ హాలిడే, ఫ్యాక్టరీ మూత. ఒక హాలిడే నాడు యాదగిరి నన్ను రమ్మన్నాడు. ముందురోజే ట్యాంకు నిండా గాలి పట్టి, వాల్వు బిగించి పెట్టాడు. పొద్దున వచ్చి వాల్వు తిప్పి గాలిని పైపుల్లోకి వదిలాడు. ఒక్క మెషీనూ నడవడం లేదు, అయినా గేజి ముల్లు దిగిపోతోంది. అంటే పైపుల్లోంచి గాలి కారిపోతోంది. రోజూ ఉండే రొదలో అది ఎవరికి వినపడుతుంది? ఆ నిశ్శబ్దంలో అతను పైపులకు చెవి ఆనించి, సబ్బు నురుగు పూసి, బుడగ లేచిన చోటల్లా సుద్దతో గీత పెట్టాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. నేను చేసింది అంతే.

లీకులన్నీ మూయించాక ఒక్క కంప్రెసరే సరిపోయింది. కరెంటు పొదుపు చేసినవాళ్లు కంపెనీకి ఇంగ్లీషులో ఒక ఫారం రాసివ్వాలి. యాదగిరికి ఇంగ్లీషు రాదు, నన్ను రాయమన్నాడు. రాశాను. పేరు గడిలో నా పేరు రాశాను.

ఎందుకు రాశాను? ఆపరేటర్ పేరు చూస్తే పైవాళ్లు ఫారం పక్కన పడేస్తారని, తర్వాత నేనే చెబుతానని, చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. శుద్ధ అబద్ధం. నాకు ప్రమోషన్ కావాలి. వచ్చింది. నోటీసు బోర్డు మీద నా ఫోటో పెట్టారు. ఫారంలో తన పేరూ ఉందనే అతను నమ్మాడు.

ఇంతటితో ఆగినా బాగుండేది. ఒక కంప్రెసర్ ఆగింది కనుక ఒక ఆపరేటర్ చాలన్నాడు మేనేజర్. ఎవర్ని ఉంచుదామని నన్నే అడిగాడు. న్యాయంగా ఉంచాల్సింది పాతవాడైన యాదగిరిని. చిన్నవాడికి ఐటీఐ ఉంది, వాణ్ణి ఉంచుదామన్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. యాదగిరి అక్కడ ఉన్నన్నాళ్లూ ఏదో ఒకరోజు ఆ ఫారం సంగతి బయటపడుతుందని భయం. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటారే, అదే చేశాను.

ఆ సాయంత్రం టైమాఫీసు దగ్గర నాకోసం నిలబడ్డాడు.

"అన్నా, గా లీకులు పట్టింది నేనని పెద్దసారుకు ఎర్కనే గదా? జర నా గురించి ఒక్క మాట జెప్పున్రి. ఈ వయసుల నాకెవరిస్తరు పని?"

"చెప్పి చూశాను యాదగిరీ. ఆయన వినలేదు."

"నాకోసం మీ నౌకరి మీదికి దెచ్చుకోకున్రి. అడిగిన్రు గదా, గంతే సాలు."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. అతను నా గురించి ఆలోచించాడు.

మొన్న ఉప్పల్ రింగురోడ్డు దగ్గర కనిపించాడు. ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్‌గా ఉన్నాడట. పక్కన భార్య. నా చెయ్యి పట్టుకుని, తనకోసం మేనేజర్‌తో కొట్లాడిన అన్న ఈయనేనని ఆమెకు చెప్పాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేనూ పెట్టాను.

నేను కొట్లాడలేదు. అతన్ని తీసేయమన్నది నేనే. రాసేశాను, ఊపిరి కొంచెం ఆడుతోంది. అతనికి మాత్రం ఇంకా చెప్పలేదు.