కంప్యూటరుకు బొట్టు

జనగామ పత్తిమిల్లు ఆఫీసులో కంప్యూటరు దిగింది ఎనభై ఎనిమిదిలో. ఆ దసరాకు టైపిస్టు మనోరమ దానికి పూజ చేసి, బటనుబటనుకూ తడి కుంకుమ బొట్టు పెట్టింది. పండుగ వెళ్ళాక చూస్తే, ఆమె పాస్‌వర్డుకు అది తెరుచుకోనంది.

"మర్సిపోయినవా? ఇగ నీకు టైపు మిషనే దిక్కు. గిది వేరేటోళ్లకిస్త," అన్నాడు మేనేజరు నిరంజన్.

"మా ఆయన పేరన్న మర్సిపోత గని, గిదెట్ల మర్సిపోత సార్!"

పాస్‌వర్డు కొడితే తెరమీద చుక్కలే పడతాయి. అందుకని దాన్నే, అక్షరాలు కనబడేలా, పేరు రాసే చోట కొట్టి చూసింది. ఒక అక్షరం పడనే లేదు. ఆ బటను సందులో కుంకుమ గడ్డకట్టింది! పిన్నీసుతో గీకి మళ్ళీ కొట్టగానే తెరుచుకుంది.

"బొట్టు నొసటికి పెడతరు గని, పండ్లకు పెడతరా మనోరమా?" అన్నాడు నిరంజన్, పళ్ళ వరుసలా ఉన్న బటన్లను చూపిస్తూ.

"వచ్చే దసరాకు మీరే పెట్టుండ్రి సార్. దీని నొసలు ఏడున్నదో నేను గూడ సూస్త!"