కోటమ్మత్త అంగడి ముందు గీసిన గీత

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు... మా పెద్దబజారు వీధిలో ఒక పొద్దున నాన్న కొలత గొలుసు పరిచారు. ఆయన టౌను ఆఫీసులో సర్వేయరు. వీధి వెడల్పు చేస్తారట. రోడ్డు పెద్దదైతే బస్సులు లోపలికి వస్తాయి, అల్లూరు వైపు నుంచి, జువ్వలదిన్నె వైపు నుంచి జనం నేరుగా అంగళ్ళ ముందే దిగుతారు, బజారు మళ్ళీ కళకళలాడుతుంది... అందరూ అదే మాట.

మేము ఆ వీధిలోనే అద్దెకుండేవాళ్ళం. మూడిళ్ళవతల కోటమ్మత్త గాజుల అంగడి. అంగడంటే ఆమె ఇంటి ముందుగదే. రెండు అద్దాల బీరువాలు, తాళ్ళకు గుచ్చి వేలాడదీసిన గాజులు, కింద ఈతచాప. మామ పోయాక ఆ గదే ఆమె జీవనాధారం. మా నాన్నను సొంత తమ్ముడిలాగే చూసేది.

నాన్న నేలమీదా గోడలమీదా సున్నంతో గీత గీశారు. ఇటు కోటమ్మత్త అరుగు పోతుంది, గడప మిగులుతుంది. అటు ఎదురుగా బియ్యం వ్యాపారి గోదాము ముందు వసారా పోతుంది. రెండు వైపులా సమానం. అరుగు పోతే పోయిందిలే అనుకుంది అత్త.

వారం తిరిగేసరికి గొలుసు మళ్ళీ పరిచారు. నేను బడికి వెళ్తూ చూశాను. గోదాము గోడమీద సున్నం తుడిచేసి ఉంది. మా వైపు గీత గడప దాటి, అత్త అంగడి లోపల బీరువా దాకా వెళ్ళింది.

"శేషయ్యా, మొన్న గడప కాడుండె గదా గీత. ఈ పొద్దు బీరువా కాడికొచ్చిందేంది నాయనా?" అని అడిగింది అత్త.

నాన్న గొలుసు చుట్టుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నారు. "ప్లానే అట్టుండాదక్కా. నా చేతిలో ఏముండాది."

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అమ్మ అడిగింది. "గోదాము గోడమీద గీత ఎవరు చెరిపినారు?" నాన్న సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు వాళ్ళిద్దరి మధ్యా అవసరమైన మాటలే...

గోడలు పడగొట్టిన రోజు అమ్మా నేనూ వెళ్ళి గాజులు బుట్టల్లోకి సర్దాం. అత్త ఏడవలేదు. పగిలిన గాజులు ఎవరి కాళ్ళకైనా గుచ్చుకుంటాయని చీపురు పట్టుకుని ఊడుస్తూనే ఉంది. చివరకు ఆమెకు మిగిలిన గదిలో ఒక మనిషి నిలబడితే రెండో మనిషికి చోటు లేదు.

ఆ ఏడే ఊరి బయట పైరు పొలాలు చదును చేసి కొత్త లేఅవుట్ వేశారు. నాన్న ఆఫీసులో అందరితో పాటు ఆయనకూ అక్కడ ఒక స్థలం వచ్చింది. ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాం. వాకిట్లో ఇంకా వరి మోళ్ళు... చుట్టూ సరుగుడు కంచెలు, సముద్రపు గాలి. ఇంటికీ ఇంటికీ మధ్య బోలెడు దూరం. మాట్లాడే తోడు లేక అమ్మ ఆవులిస్తూ గుమ్మంలో కూర్చునేది.

మా తర్వాత డాక్టరుగారు వచ్చారు, ప్లీడర్లు వచ్చారు, బట్టల అంగడాయన ఇక్కడే ఇంకో అంగడి తెరిచాడు. జనం రావాలని వెడల్పు చేసిన ఆ బజారు రోడ్డు మీదుగానే సామాన్ల బండ్లు ఒక్కొక్కటిగా ఇటు వచ్చేశాయి.

ఒక ఆదివారం మా వీధిలో "గాజులో..." అని కేక. అమ్మ తలెత్తి చూసింది. కోటమ్మత్త. భుజాన తాళ్ళకు గుచ్చిన గాజుల మలారం, కాళ్ళ నిండా దుమ్ము. కూర్చున్న చోటు నుంచి కదలకుండా వ్యాపారం చేసిన మనిషి...

"బజారుకి ఎవురూ రావడంలా మరదలా. మీరంతా ఈడికొస్తిరి గదా, నేనే వొచ్చినా" అంది మెట్టు మీద కూర్చుంటూ. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు మెల్లగా నొక్కుతూ పచ్చగాజులు ఎక్కించసాగింది.

బజారు వాళ్ళెవరొచ్చినా నాన్న పెరట్లోకి వెళ్ళిపోయేవారు. ఆ రోజు మాత్రం బయటికి వచ్చి నిలబడ్డారు.

"అక్కా, మొదటి గీత మీ గడప దాకానే. పైవాళ్ళు జరపమన్నారు. జరిపింది నేనే."

అత్త నా చేతి మీది నుంచి చూపు తిప్పలేదు. "తెలుసు నాయనా, అంగడి పొయినాక తెలిసె. సున్నం చెరిపిన మరక గోదాము గోడమీద కనపడతానే ఉండె."

ఇంకో గాజు ఎక్కించాక మళ్ళీ అంది. "ఉద్యోగస్థుడివి, జరపమంటే ఏం చేస్తావు. నేనడిగిన పొద్దు ఆ మాటే చెప్పుంటే, పదిమందిని పిలుచుకోని పెద్దాఫీసుకి పొయ్యుందును. గోదామాయన వాకిట్లో కూర్చోనుందును. నువ్వు ప్లానంటివి. నువ్వు చెప్తే నిజమే అనుకోని ఊరకుంటి."

ఆమె లేచినప్పుడు నాన్న వంగి మలారం ఎత్తి ఆమె భుజాన పెట్టారు. ఆమె వద్దనలేదు... అలాగని ఆయన ముఖమూ చూడలేదు.

తర్వాత మూడు నాలుగు సార్లు వచ్చింది. ఒక ఎండాకాలం రావడం మానేసింది. సంగం ఊళ్ళో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయిందని ఎవరో చెప్పారు. నాన్న ఆఫీసులో అడిగి రికార్డుల గదికి మారారు. రిటైరయ్యేదాకా గొలుసు ముట్టుకోలేదు. నన్ను సైకిలు మీద ఎక్కించుకుని ఎక్కడికెళ్ళినా పెద్దబజారు తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

ఇప్పుడు ఆ లేఅవుట్టే ఊరికి నడిబొడ్డు. పెద్దబజారును మళ్ళీ బాగుచేస్తామని రకరకాల మాటలు వినిపిస్తున్నాయి. మొన్న వెళ్ళి చూశాను. రోడ్డు విశాలంగానే ఉంది... సగం అంగళ్ళు మూసి ఉన్నాయి. కోటమ్మత్త ఇల్లు ఎక్కడుండేదో చెప్పగలిగిన మనిషి ఒక్కరూ కనిపించలేదు.

మీ ఊరి పాతబజారులోనూ ఇలా చోటు పోగొట్టుకుని వెళ్ళిపోయిన వాళ్ళుంటారు. వాళ్ళు ఏం అమ్మేవారో, మీరు వాళ్ళను ఏమని పిలిచేవారో... గుర్తున్నంత వరకు కింద రాయండి. నేను అన్నీ చదువుతాను.