పక్క సీటులో సంచి

జనగామలో బస్సెక్కి పక్క సీటులో నా సంచి పెట్టుకున్నాను. మా తాత ఎదుట ఊళ్లో ఎవరూ కూర్చునేవారు కాదు. మాకిప్పుడు మిగిలిన మర్యాద ఆ ఖాళీ సీటే.

ముప్పై ఏళ్ల ఆడమనిషి ఒకతె, అడగకుండానే సంచి తీసి నా ఒళ్లో పెట్టి కూర్చుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. అవతల, మాటల్ని బట్టి కొత్తగూడ నుంచి వచ్చి ఇంజినీరింగ్ చదివే పిల్ల, ఏడుస్తోంది.

“ల్యాబ్‌ల పోరగాండ్లు మిషిన్ ముట్టనిస్తలేరక్కా. నువ్వు రికార్డు రాయి పో అంటున్నరు. చదువు బంద్ జేసి ఇంటికి పోత.”

“నేను చదివినప్పుడు నన్ను గూడ గట్లనే అన్నరు. రేపు అందరికంటె ముందుగాల పోయి మిషిన్ ముంగట నిలబడు.”

“జరుగుమంటే?”

“జరగకు. గిప్పుడే బస్సుల ఒక పెద్దమనిషి సంచి జరిపి కూసున్న. ఏమన్నడు? ఏమనలే.”

పిల్ల నవ్వింది. “సరే అక్కా, రేపు ల్యాబ్‌కు పోత.”

నాకు ఒళ్లు మండింది. అణకువ నేర్పాల్సిన పిల్లలకు పొగరు నూరిపోసే ఇలాంటి గురువులంటే నాకు ఏవగింపు. పాఠం చెప్పడానికి ఆమెకు నా సంచే దొరికిందా?

తొర్రూరులో దిగుతూ “పోయొస్త బాపూ” అంది. దొరా అనలేదు.

సీటు మళ్లీ ఖాళీ అయింది. మహబూబాబాద్ దాకా సంచి ఒళ్లోనే ఉంచుకున్నాను.