రిలీవర్ రాని డ్యూటీ

పక్షుల సంరక్షణలో నాకు నలభై ఏళ్ల అనుభవం ఉంది. ఈ మాట ఒక పిట్టల సంస్థ వాళ్లతో నేనే స్వయంగా చెప్పాను. అసలు సంగతేమిటంటే, ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసే రోజుల్లో ఒక కాకి నా టిఫిను డబ్బాలోంచి ఇడ్లీ ఎత్తుకుపోతుండేది. దానికి నేనెప్పుడూ హాని చేయలేదు. రాళ్లు విసిరాను గానీ ఒక్కటీ తగల్లేదు.

రిటైరైనా నాకు ఫస్టు షిఫ్టు వేళకే మెలకువ వస్తుంది. స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, బూట్లు కూడా వేసుకున్నాక గుర్తొచ్చేది, వెళ్లాల్సిన చోటేదీ లేదని. అప్పుడు వంటింట్లోకి వెళ్లి పోపుల డబ్బా ఉండవలసిన చోటు గురించి మా ఆవిడకు సలహాలిచ్చేవాణ్ని. ఆవిడ మా మేనత్త కూతురు. ఇప్పటికీ బావా అనే పిలుస్తుంది. "బావా, నువ్వెక్కడికైనా ఎల్లు. ఎక్కడికని నానడగను," అంది ఒకరోజు.

ఆ సాయంత్రమే మా మనవరాలు ఫోన్లో చూసి ఒక ప్రకటన చదివింది. చెరువుల్నీ పిట్టల్నీ కాపాడే సంస్థ ఒకటి మా ఊరి అంచున పనిచేయడానికి మనిషి కోసం చూస్తోందట. "తాతా, ఏజ్ లిమిట్ లేదు. అప్లై కర్ దో, పెట్టేయ్," అంది నవ్వుతూ. అది నవ్వులాటకే అంది. నేను నవ్వలేదు, అప్పటికప్పుడే దానిచేత దరఖాస్తు పంపించాను.

మర్నాడు సుపేలాలో మా రిటైరైన వాళ్లందరం చేరే టీ కొట్టు దగ్గర ఉద్యోగం వచ్చేసిందని ప్రకటించాను. ఢిల్లీ నుంచి ఫోను వచ్చిందనీ, మరీ బతిమాలుతుంటే కాదనలేకపోయాననీ చెప్పాను. ఫోను వచ్చిన మాట నిజమే. పక్కనే ఉన్న దుర్గ్ నుంచి వచ్చింది. ఒక రోజు పని చూసి, ఆ తర్వాత ఆలోచిస్తామన్నారు. ఈలోగా మిత్రులు నా పేరు చెప్పి అందరికీ జిలేబీ తెప్పించారు. ఇక ఉద్యోగం రాకపోతే ఆ వీధిలో నేను తలెత్తుకు తిరగలేను. అంతకన్నా పెద్ద బెంగ ఇంకోటుంది, అది జిలేబీ తింటూ ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే వేసుకున్న బూట్లు మళ్లీ ఊరికే విప్పుకోవడం నాకిక చేతకావడం లేదు.

సంస్థ తరఫున వచ్చిన ఆఫీసరమ్మ ఈ రాష్ట్రం పిల్లే, మా మనవరాలికన్నా నాలుగేళ్లు పెద్దదేమో. నా నలభై ఏళ్ల అనుభవం విని చాలా గౌరవంగా, దూరంగా చెరువు గట్టు మీద తెల్లగా ఉన్నదాన్ని చూపించి అదేమిటని అడిగింది. కొంగ అన్నాను. అందులోనూ ముసలి కొంగ అన్నాను. గాలి వీచింది. కొంగ రెండుగా చీలి ఒక ముక్క ముళ్లకంపకు చిక్కుకుంది. ప్లాస్టిక్ సంచీ. ఆ పిల్ల నవ్వాపుకోలేక అటు తిరిగి దగ్గింది.

తర్వాత రుఆబాంధా దాటాక ఉన్న ఖాళీ మైదానంలోకి తీసుకెళ్లి, నేల మీద నాలుగు గుడ్లు చూపించింది. ఆవిడ వేలు పెట్టి చూపేదాకా అవి నాకు గులకరాళ్లే. ఆ గుడ్లు టిటహరీవట, అంటే మన తీతువు పిట్టవి. గూడంటూ ఏమీ కట్టదు. పక్కనే కుర్రాళ్లు క్రికెట్ ఆడతారు, గేదెలు తిరుగుతాయి. దూరంగా తుమ్మచెట్టు కింద కూర్చుని వాళ్లనీ గేదెల్నీ గుడ్ల వైపు రాకుండా చూడడమే నా పని. "మధ్యాహ్నం ఇంకొకతను వస్తాడు దాదాజీ, అప్పుడు మీరు వెళ్లిపోవచ్చు," అని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది.

ఆ ఇంకొకతను ఈ ఉద్యోగానికే పోటీకి వచ్చిన డిగ్రీ కుర్రాడు. మధ్యాహ్నమైంది, అతను రాలేదు. ఎండ కొలిమిలా ఉంది. ఇంకెవరైనా లేచి ఇంటికి పోయేవారు. కానీ కర్మాగారంలో మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది: రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి ఎదురుగా నిలబడేదాకా నీ చోటు వదలకూడదు. పెళ్లి ముహూర్తమైనా సరే. నేను లేవలేదు. ఫోను మోగితే పిట్ట బెదురుతుందని దాన్ని ముందే ఆపేశాను.

ఆ ఎండలో ఒక గేదెల మందను నేనొక్కణ్నే తరిమాను. సరే, ఒకటే గేదె. దాని మీదికి రెక్కలు విప్పి, అరుస్తూ వెళ్లింది పిట్ట. నేను వెనకాల గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

అది మళ్లీ గుడ్ల మీద కూర్చుని, నోరు తెరిచి రొప్పుతోంది. లేవదు. "నీ రిలీవర్ కూడా రాలేదేటే," అన్నాను. చాలాసేపటికి దాని జత పిట్ట చెరువు వైపునుంచి వచ్చింది, పొట్ట కింది ఈకలు తడిసి ఉన్నాయి. అది పక్కకొచ్చి నిలబడ్డాకే మొదటిది లేచింది. వచ్చినది ఆ తడి పొట్టతోనే, గుడ్లు చల్లబడేలా, వాటి మీద సర్దుకుంది.

పొద్దు వాలుతుండగా మజ్జిగ సీసాతో ఆటోలోంచి మా ఆవిడా మనవరాలూ దిగారు. వెనకే స్కూటీ మీద ఆఫీసరమ్మ. నేను ఇల్లు చేరలేదని మనవరాలు ఆవిడకు ఫోను చేసిందట.

"ఎందుకుండిపోయారు దాదాజీ?"

"రిలీవర్ రాలేదు కదా బేటీ."

ఆ కుర్రాడు ఎండ చూసి మానుకున్నాడనీ, ఆ మాట నాకు చెప్పాల్సింది తానేననీ అంది ఆఫీసరమ్మ. తర్వాత ఏం చూశారని అడిగింది. పెద్ద తాచుపాము వచ్చిందని మొదలుపెట్టాను. మా ఆవిడ నా మొహంలోకి చూసింది. పాము రాలేదని ఒప్పుకుని, చూసింది చూసినట్టు చెప్పాను: తడి పొట్ట, ఒకటి వచ్చి నిలబడ్డాకే ఇంకోటి లేవడం. గొప్ప సంగతి కనిపెట్టాననుకున్నాను. "ఇదంతా పుస్తకాల్లో ఉంది దాదాజీ," అంది ఆఫీసరమ్మ. ఆ తర్వాత, "రేపు కూడా రండి. ఎల్లుండి కూడా," అంది.

అప్పుడే కుర్రాళ్లు బ్యాట్లు పట్టుకుని మైదానంలోకి వస్తున్నారు. నా నాలుక పిడచకట్టుకుపోయింది, కానీ ఎలా లేస్తాను? తీతువు అరిస్తే కీడని చిన్నప్పటినుంచీ చెవులు మూసుకునే మా ఆవిడ, నా చేతిలోని గొడుగు లాక్కుంది.

"నానొచ్చాను కదా బావా. ఇంక లెగు. ఎల్లి ఆ మజ్జిగ తాగు."

ఆవిడ ఎదురుగా నిలబడింది. నేను లేచాను.

ఇప్పుడు సుపేలాలో ఎవరైనా అడిగితే, ఛత్తీస్‌గఢ్‌లో పిట్టల శాఖంతా నా చేతికింద నడుస్తోందని చెబుతాను. నా చేతికింద ఉన్నది మా ఆవిడొక్కతే, అదీ సాయంత్రాలు మాత్రమే. గుడ్లలో మూడు పిల్లలయ్యాయి. నాలుగని చెబుతుంటాను. రిలీఫుకి మాత్రం ఆవిడ రోజూ ఆలస్యంగానే వస్తుంది. అడిగితే, చీర మార్చుకోవద్దా, డ్యూటీకి వస్తున్నాను కదా అంటుంది.